సున్నా తీసి ఒకటి పెట్టండి సారూ

మహారాజశ్రీ సర్వర్ గది అధికారి గారి దివ్య సముఖానికి, మైపాడులో నెట్ సెంటరు నడుపుకునే వాడొకడు నమస్కరించి వ్రాసుకొను విన్నపం.

2019 జూన్ 14తో మా తీరంలో వేట నిషేధం ముగిసింది. పడవలు నీళ్లలోకి దిగిన మూడో రోజున, 17న, తమరి లోకంలో గగ్గోలు పుట్టింది. ప్యాకెట్ల రాకపోకలు చూసుకునే లినక్స్ టీసీపీలో నెట్‌ఫ్లిక్స్ ఇంజినీరు జొనాథన్ లూనీ ఒక లోపం పట్టుకున్నారు. దురుద్దేశంతో పేర్చిన సాక్ (ఏ ప్యాకెట్లు ముట్టాయో చెప్పే రసీదు) సమాచారం పంపితే చాలు, సర్వర్ కుప్పకూలుతుంది. ప్యాచ్ వెంటనే వేయలేనివాళ్లు సాక్‌నే ఆపేసుకోవచ్చన్నారు. తమరు ఆపేశారు. మంచిపనే చేశారు. మళ్లీ ఎప్పుడు ఆన్ చేశారు?

పది ప్యాకెట్లు పంపితే మూడోది దారిలో పోయిందనుకోండి. ‘అదొక్కటే రాలేదు, మిగతావి ముట్టాయి’ అని అవతలివైపు చెప్పగలిగేది సాక్ వల్లే. 1996 నుంచీ ఉన్న ఏర్పాటిది. అది లేకపోతే ‘రెండు దాకా ముట్టాయి’ అనడమే. తక్కినవాటి సంగతి తెలియక, పంపేవాడు ఆగి ఆగి, చేరినవాటినీ మళ్లీ పంపుతూ కూర్చుంటాడు.

తమరి గదిలో ఫైబరుంది, ప్యాకెట్లు పోవు. టెస్ట్ చేసి ‘ఆల్ ఓకే’ అనుకుని ఉంటారు. మాది టవర్ సిగ్నల్. ముసురు పట్టిందంటే పోయేవాటికి లెక్కే లేదు. రొయ్యల గుంట రైతు పాస్‌బుక్కు స్కాన్ చేసి తమరి సైటుకి ఎక్కిస్తుంటే గీత ముప్పాతిక దాకా పాకి అక్కడే పడుకుంటుంది. “ఏమన్నా, ఎక్కిందా?” అని ఆయన టీ తాగొచ్చి అడుగుతాడు. ఇంకో టీ తాగొచ్చీ అదే అడుగుతాడు. (ఎదురుగా టీకొట్టాయనకు మాత్రం తమరంటే వల్లమాలిన అభిమానం.)

‘మీ సిగ్నల్ బాలేదు’ అంటుంది తమరి హెల్ప్‌లైన్. నమ్మబుద్ధి కాక, ఇంజినీరింగ్ చదివిన మా మేనల్లుడి చేత, ప్యాకెట్లను విప్పి చూపించే వైర్‌షార్క్ పెట్టించి చూశాను. మా కంప్యూటరు మొదటి ప్యాకెట్‌లోనే ‘నాకు సాక్ వచ్చు’ అంటోంది. మేం చూసిన మిగతా సైట్లన్నీ ‘నాకూ వచ్చు’ అంటున్నాయి. తమరి జవాబులో ఆ ఊసే లేదు.

అసలు ప్యాచ్ మాత్రం తక్కువ తిన్నదా? బఫర్ చిన్నగా పెట్టుకున్న కొన్ని ప్రోగ్రాముల కనెక్షన్లు దాంతో ఆగిపోయాయి. కానీ గూగుల్‌లో పనిచేసే ఎరిక్ డ్యుమజే రోజుల్లోనే దాన్ని సవరించారు, జులైలో మరోసారి సరిచేశారు. సరిచేసినదాన్ని మళ్లీ చూసుకునే అలవాటు వాళ్లకుంది.

మా వేట నిషేధం 61 రోజులు. ఎప్పుడు ఎత్తేస్తారో మొదలుపెట్టేనాడే చెబుతారు. సాక్ మీద తమరి నిషేధానికి ఆఖరు తేదీ రాసినవాళ్లే లేరు.

కెర్నల్‌కు ప్యాచ్ పడిందో లేదో ముందు చూసుకోండి. పడి ఉంటే, టీసీపీ_సాక్ సెట్టింగ్ ఎదుట సున్నా చెరిపి ఒకటి పెట్టండి. పెట్టాక ముసురు రోజొకటి చూసుకుని మా సెంటరుకొచ్చి, ఒక పాస్‌బుక్కు తమరే ఎక్కించి చూడండి. స్కానింగు పది రూపాయలు. తమరికైనా తగ్గించను.

ఇట్లు,
తమ సర్వర్ గుమ్మంలో కాచుక్కూర్చున్నవాడు