విశ్వాస జీవిత సార్వభౌమా, జయము!

మానుకోట సీమకు మణిదీపమా, ఉజ్జీవ సభలకు ఊపిరులూదిన ఉద్దండ వక్తా, ఇస్త్రీ మడత నలగని నిరాడంబర శేఖరా, దైవజన చూడామణీ, అయ్యగారూ! దేవుని మీదే ఆనుకుని బతుకుతున్నానని తమరు ఆరు స్పీకర్లలో సెలవిచ్చినప్పుడల్లా మా ఒళ్లు పులకరిస్తుంది. అంత భారాన్నీ ఆయన మీద మోపి ఇంత తేలిగ్గా, అదీ ఫార్చ్యూనర్‌లో, సంచరించడం సామాన్యుల తరమా?

ఆకాశపక్షుల మార్గాన్ని ఆచరించి చూపినవారు తమరే. తమరు విత్తరు, కోయరు. కేసముద్రం మార్కెట్లో మిర్చి అమ్మి, హమాలీ, కమీషను, మందుల షాపు బాకీ పోగా మిగిలింది రుమాల్లో కట్టుకొచ్చిన రైతు చేతి నుంచి ప్రథమ ఫలం అందుకునే శ్రమ మాత్రం ఓర్చుకుంటారు. కూడబెట్టడం తెలియకపోవడం పక్షులకున్న లోపం. ఖమ్మం రోడ్డు ప్లాట్లతో దాన్ని కూడా సవరించారు. ఆ కాగితాల్లో తమ పేరు ఎక్కడా లేదని తెలిసి కళ్లు చెమర్చాయి. అన్నీ అమ్మగారి పేరున, బావమరిదిగారి పేరున! తనకంటూ గుంట భూమి మిగుల్చుకోని ఈ వైరాగ్యం ఏ యుగంలో విన్నాం?

తమ ఘనత కొలవాలంటే డోర్నకల్ దాకా పోయి రావాలి. పాపం, అజరయ్యగారు! తిరునల్వేలి నుంచి 1909లో వచ్చి, గుడారంలో కాపురం పెట్టి, తెలుగు నేర్చుకుని, 1912లో కలకత్తాలో బిషప్పయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పీఠమెక్కిన తొలి భారతీయుడు. అంతటి పదవి చేతికొచ్చాక కూడా ఎడ్లబండి మీద ఊరి చివరి వాడలు తిరిగారంటే ఆ అమాయకత్వానికి జాలిపడాలి. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను వెళ్లగొట్టాలని తాపత్రయపడ్డారట. రోగమే పోతే స్వస్థత కూటాలు ఏం కావాలి, అప్పే పుట్టకపోతే కానుక ఎక్కడ పుట్టాలి అన్న దూరదృష్టి ఆయనకు లేదు, తమకుంది. వండబోయే బియ్యంలోంచి తల్లులు పిడికెడు తీసిపెట్టి సంఘానికి తెస్తే మురిసిపోయిన కాలమది. పిడికెడు! తమ ఏలుబడిలో ఆ విశ్వాసమే క్యూఆర్ కోడ్ దాకా ఎదిగింది.

ఆయన ఎపిఫనీ కెథెడ్రల్ ఏళ్ల తరబడి లేచి, 1939 జనవరి 6న ప్రతిష్ఠకు నోచుకుంది. తమ మందిరం తొమ్మిది నెలల్లో లేచింది. గేటు అంతకన్నా ముందే లేచింది. గేటు మీది ఫ్లెక్సీలో తమరు నిలువెత్తున, నవ్వుతూ ఉన్నారు. ప్రభువు కూడా ఉన్నాడు, పైమూల పాస్‌పోర్టు సైజులో. తగ్గింపు ఆయన గుణం కదా.

అజరయ్యగారికన్నా చాలా ముందే, ఇంగ్లండులో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే పళ్ల డాక్టరు, భక్తుడైనవాడు ఆస్తి కూడబెట్టరాదని 1825లో పుస్తకం రాశాడు. ఆయన వెంట మన దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ గోదావరి డెల్టాలో పరిచర్య చేశారు. గ్రోవ్స్ తన ఆస్తి వదులుకోవడంతోనే సరిపెట్టుకున్నాడు. తమరు మా అందరి చేతా వదిలించారు.

ప్రార్థన చేసిన నూనె తమరు అమ్ముతారన్నది గిట్టనివాళ్ల మాట. సీసా ఉచితమే, కానుక సీసాతో సంబంధం లేనిది, సీసాకంటే ముందు ఇవ్వాల్సింది. తమరు ఎవరినీ చేయి చాచి అడిగిన పాపాన పోలేదు. ఇచ్చినవారి పేర్లు మొత్తాలతో సహా చదువుతారు, అంతే. ఇవ్వనివారి పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి, కళ్లు మూసుకుని, వాళ్ల రక్షణ కోసం మౌనంగా ప్రార్థిస్తారు. సభంతా ఎవరా అని వెనక్కి తిరిగి చూసేది కూడా ప్రార్థనలో ఏకీభవించడానికే.

వచ్చే నెల తమ జన్మదినం. పాత బండికి నాలుగేళ్లు నిండాయని, కొత్తదాని కోసం తమరు మోకాళ్ల మీద ఉన్నారని అమ్మగారు స్త్రీల కూడికలో కన్నీళ్లతో సాక్ష్యమిచ్చారు. దేవుడు తప్పక జవాబిస్తాడు. ఆ జవాబులో ఇంటికి ఎంతెంత పడుతుందో కమిటీవారు నిన్ననే చీటీ పంపించారు.