నాబ్ మీద ఆరు, కింద నాలుగు

ఆ రీల్స్ మీ ఫోన్లోకీ వచ్చే ఉంటాయి కాబట్టి మళ్ళీ వర్ణించను. కాంటెస్సాకు ‘సిక్స్ స్పీడ్’ పడిందట. అంబాసిడర్‌కు ‘రేసింగ్ డిఫ్’ దిగిందట. నిన్నమొన్నటి దాకా సిద్దిపేట హోటళ్ళలో చాయ్ ముందర పెట్టుకొని గజం ధర మాట్లాడుకున్నవాళ్ళు ఇప్పుడు గేర్ రేషియోలు మాట్లాడుకుంటున్నారు. గజం ఎంత అంటే ఠక్కున చెప్తారు. రేషియో ఎంత అంటే మాత్రం, “మస్తుంటదన్నా” అంటారు.

పైగా ఇవి ‘క్లాసిక్ స్పోర్ట్స్ కార్లు’. ఏవి? కాంటెస్సాలు! 1984లో బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ దాన్ని బయటికి తెచ్చిన నాడు బానెట్ కింద ఉన్నది అంబాసిడర్ ఇంజనే. 1489 సి.సి., యాభై గుర్రాల చుట్టుపక్కల బలం, నాలుగు గేర్లు. ఒంటి డిజైను ఇంగ్లండ్‌లో వాక్స్‌హాల్ వాళ్ళు 1970లలో చేసి వదిలేసింది. తర్వాత ఇసుజు 1.8 లీటర్ల ఇంజను, ఐదో గేరు వచ్చి కాస్త పరుగు నేర్చింది. అప్పుడు కంపెనీవాళ్ళే దానికి ‘క్లాసిక్’ అని బిళ్ళ అంటించి కొత్త బండిగా అమ్మారు. షోరూములో ఉన్నప్పుడే క్లాసిక్ అయిపోయిన ఘనత దానిది. 2002లో తయారీ ఆగింది. మంత్రులూ, పెళ్ళికొడుకులూ, సినిమా విలన్లూ వెనక సీట్లో కాళ్ళు చాపుకొని కూర్చున్న బండి అది. వెనక సీటు కోసం కొన్న బండిని స్పోర్ట్స్ కారు అంటున్నారంటే, ముందు సీట్లో కూర్చున్న డ్రైవర్ల తరఫున నాకు బాధగా ఉంది.

చదువుకున్న తమ్ముడొకడు ఇక్కడ అడ్డం వస్తాడు. “గదే 1489 సి.సి. ఇంజన్ 1955ల ఇంగ్లీషోళ్ళు ఎం.జి.ఏ. స్పోర్ట్స్ కార్ల పెట్టిండ్రు సార్.” నిజమే తమ్మీ, పెట్టారు. రెండు కార్బురేటర్లు తగిలించి, రెండే సీట్లున్న చిన్న ఒంట్లో పెట్టారు. మనకు ఇంజను వచ్చింది, మిగిలినవి అక్కడే ఉండిపోయాయి.

సరే, వాళ్ళ బండి, వాళ్ళ పైసలు. అసలు నా ఒళ్ళు మండేది నాబ్ దగ్గర. గేర్ రాడ్ నెత్తిన ఉంటుంది చూడండి, ఆ గుండు.

రీల్ అక్కడే మొదలవుతుంది. ఉంగరాల చెయ్యి ఒకటి వచ్చి గుండును నిమురుతుంది. గుండు మీద తెల్ల గీతలు, ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు, ఆరు పక్కనే రివర్సుకు ‘ఆర్’. అల్యూమినియం గుండు, కార్బన్ ఫైబర్ స్టిక్కర్ వేసిన గుండు, లోపల రంగు బుడగలున్న గాజు గుండు. ఆన్‌లైన్లో వందల్లో దొరుకుతుంది. దాని కింద పెట్టెలో గేర్లు నాలుగున్నాయో ఐదున్నాయో ఎవరు దించి చూస్తారు? పైన ఆరు రాసి ఉంది, కింద ఆరు వచ్చినట్టే. నాలుగు గేర్ల బండిని ఇంత చవగ్గా ఆరు గేర్లది చేసే విద్య జపాన్ వాళ్ళకు కూడా రాలేదు.

ఒకాయన్ని అడిగాను: “ఆరో గేరు ఎప్పుడు పడతది?”

“హైవే మీద పడతది సార్.”

“ఎంత స్పీడుకు?”

“రోడ్డు ఖాళీగుండాలె.”

రాజీవ్ రహదారి మీద దుద్దెడ టోల్ దాటినా పడలేదు, ప్రజ్ఞాపూర్ దాటినా పడలేదు. లేని గేరు పడటానికి రోడ్డు ఖాళీగా ఉంటే సరిపోదని ఆయనకు ఎవరు చెప్పాలి? చెప్పినా వినరు. “సెట్ కాలే, జెర్ర నడిస్తే సెట్ అయితది” అంటారు.

ఒక ఫంక్షన్ హాల్లో మరో చోద్యం. బండి పక్కకు పెట్టమని పార్కింగ్ పిల్లగాడికి తాళం ఇచ్చారు. వాడు బుద్ధిమంతుడు, గుండు మీద బొమ్మ చూసి రివర్స్ ఉన్నవైపు రాడ్ లాగాడు. గుండు చెప్పిన చోట రివర్స్ లేదు. బండి ముందుకు దూకి పూలకుండీని పగలగొట్టింది. తిట్లన్నీ పిల్లగాడికి పడ్డాయి. గుండును ఎవరూ ఒక్క మాట అనలేదు. దాన్ని తుడిచి మళ్ళీ ఫొటో తీసుకున్నారు.

నిజంగానే గేర్ బాక్స్ మార్పించుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ కథ ఇంకా విచారం. గేర్ బాక్స్‌ను, వెనక డిఫరెన్షియల్‌ను కలిపి ఎంచుకోవాలన్న సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు. లెక్క ఐదో తరగతి హెచ్చవేతే. డిఫ్ లోపలి పెద్ద పళ్ళచక్రం క్రౌన్‌కు 41 పళ్ళు, దాన్ని తిప్పే చిన్నది పినియన్‌కు 10 పళ్ళుంటే డిఫ్ రేషియో 4.1. పెట్టెలో మొదటి గేరు 3.6 అయితే రెండూ హెచ్చవేస్తే 14.76. ఇంజను దాదాపు పదిహేను చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుందన్నమాట. ఐదో గేరు 0.8 అయితే 3.28. మొదటి అంకె మరీ చిన్నదైతే బరాత్‌లో డీజే వెనక నడిచేటప్పుడు క్లచ్ ప్లేటు కాలి కంపు కొడుతుంది. రెండోది మరీ పెద్దదైతే హైవే మీద ఇంజను గొంతు చించుకుంటుంది. ఎంపిక అంతా ఈ రెంటి మధ్యనే, మన ఇంజను బలానికీ మనం తిరిగే రోడ్డుకూ సరిపోయేలా.

అసలైన పాత స్పోర్ట్స్ కార్లున్న దేశాల్లో ఇదే పని ఎట్లా చేస్తారో చూడండి. ఎం.జి.బి. ఉన్నవాళ్ళలో కొందరు దానికి మాజ్డా ఎం.ఎక్స్-5 ఐదు గేర్ల పెట్టె వేసుకుంటారు. అందులో మొదటి గేరు 3.14. అది పుట్టిన మాజ్డాలో డిఫ్ 4.3, కాబట్టి అక్కడ 13.5. ఎం.జి.బి. డిఫ్ 3.9, కాబట్టి ఇక్కడ 12.2. మొదటి గేరులో లాగుడు పదో వంతు దాకా తగ్గుతుంది. అందుకు బదులు నాలుగో గేరులో 3,000 చుట్లకు గంటకు 87 కిలోమీటర్లు పోయే బండి ఐదో గేరులో 106 దాకా పోతుంది. ఈ లాభనష్టాలు కాగితం మీద వేసుకున్న తర్వాతే స్పానర్ పడతారు. పాత డిఫే ఉంచాలా, దాన్నీ మార్చాలా అన్నది ఆ కాగితమే చెబుతుంది.

మనవాడికి కాగితం అక్కర్లేదు. క్వాలిస్ది దొరికితే క్వాలిస్ది, తవేరాది దొరికితే తవేరాది. పదిమందినీ లగేజీనీ ఎక్కించుకొని ఘాట్ రోడ్లెక్కడానికి పుట్టిన పెట్టెలు. పెట్రోల్ ఇంజను వెనక బిగిస్తే బండి కదిలీ కదలకముందే మొదటి గేరు అయిపోతుంది. డిఫ్ సంగతి ఏమిటయ్యా అంటే, “అది వెనక కింద ఉంటది సార్, కనవడది.” ఎంత సత్యం! ఈ ఫ్యాషన్ మొత్తానికి శాస్త్రం ఆ ఒక్క మాటే.

స్పీడోమీటర్ ముల్లు గేర్ బాక్స్‌ను బట్టి నడుస్తుంది గనుక పెట్టె మారితే అబద్ధం చెప్తుంది, ఆ అబద్ధాన్నే రీల్‌లో పెట్టి ‘వన్ ఫార్టీ’ అంటారు. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోసి, అతికి, బ్యాలెన్స్ చేయించకుండా బిగించాక ఎనభై దగ్గర బండంతా వణికితే దానికి ‘మసిల్ కార్ ఫీల్’ అని పేరు. చవగ్గా వచ్చిన పెట్టె ఏ దొంగ బండి కడుపులోంచి వచ్చిందో అడగరు. మీరట్ సోతీగంజ్ పార్టుల బజారును 2021 డిసెంబర్‌లో పోలీసులు ఎందుకు మూయించారో తెలుసుకొని కొంటే మంచిది.

‘రేసింగ్ డిఫ్’ దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు. అది కొన్నది కాదు, ఎక్కడినుంచో తెప్పించిందీ కాదు. ఉన్న డిఫ్ విప్పి, లోపలి చిన్న గేర్లను ఒకదానికొకటి వెల్డింగ్ కొట్టి మూసేయడం. నాలుగు వెల్డింగ్ రాడ్ల ఖర్చు. బండి గుండ్రంగా జారుతూ పొగ లేపితే వీడియో బాగా వస్తుందని.

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ దూరం పోవాలి. డిఫరెన్షియల్ ఉన్నది అందుకే. 1820లలో ఫ్రాన్స్‌లో పెకర్ అనే ఆయన ఆవిరి బండికి దాన్ని అమర్చాడు. ఎడ్లబండి చక్రాలు కూడా ఇరుసు మీద దేనికది విడిగా తిరుగుతాయి. లక్షలు పోసి నువ్వు చేయించుకున్న బండి ఎడ్లబండి కన్నా వెనక్కి పోయింది. మలుపు తిరిగిన ప్రతిసారీ ఒక చక్రం రోడ్డును గీరుకుంటూ పోతుంది. వాన పడ్డ రోడ్డు మీద వెనక భాగం చెప్పకుండా పక్కకు జారుతుంది. యాక్సిల్ షాఫ్ట్ మెలి తిరిగీ తిరిగీ ఒకరోజు పుటుక్కుమంటుంది. ఆ రోజు నీ పక్కన ఎవరున్నారు, ఎదురుగా ఎవరొస్తున్నారు అన్నది నీ చేతిలో ఉండదు.

అంత సరదా ఉంటే ట్రాకులున్నాయి. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఒకటుంది. పైసలు కట్టు, హెల్మెట్ పెట్టుకో, పొగ ఎంత లేపుతావో లేపు. ట్యూషన్ వదిలి పిల్లలు సైకిళ్ళ మీద ఇంటికి పోయే వేళకు ఊరి రోడ్డు మీద ఏం పని నీకు? పిల్లల తల్లిదండ్రులు చేతగాక నోరు మూసుకుంటే అది నీ డ్రైవింగ్‌కు మెప్పు అనుకుంటున్నావా?

చట్టం లేదా అంటే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇష్టమొచ్చినట్టు బండి మార్చొద్దంటుంది. 2019లో సుప్రీం కోర్టు కూడా అదే చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాసి ఉంది. కానీ చట్టానికి చెవులే ఉన్నాయి. బుల్లెట్ సైలెన్సర్ చప్పుడు చేస్తుంది గనుక దొరుకుతుంది, రోడ్డు రోలర్ కింద తొక్కిస్తారు, పేపర్లో ఫొటో వస్తుంది. వెల్డింగ్ కొట్టిన డిఫ్ బండి కింద నూనెలో నిశ్శబ్దంగా ఉంటుంది. దాని కోసం వంగి చూసేదెవరు?

మన క్లాసిక్ వీరులకు చట్టం బాగానే తెలుసు లెండి. 2021 జులైలో వచ్చిన వింటేజ్ రూల్స్ ఒకాయన నాకు అప్పజెప్పాడు. బండికి యాభై ఏళ్ళు నిండాలి, 20,000 కడితే నంబర్లో ‘వి.ఏ.’ అక్షరాలొస్తాయి, చాసిస్, బాడీ, ఇంజను మార్చరాదు. “గేర్ బాక్స్ పేరు అండ్ల లేదు సార్!” బండి మొత్తం మొదటి రూపంలోనే ఉండాలన్న ముక్క కూడా అండ్లనే ఉంది, అది మాత్రం చదవలేదు. పైగా మొట్టమొదటి కాంటెస్సాకు యాభై నిండేది 2034లో. అప్పటిదాకా ఇది వింటేజ్ కాదు, పాత కారు.

ఈ మొత్తంలో నాకు జాలి వేసేది ఉస్తాదుల మీద. క్రౌన్, పినియన్ జతగానే పుడతాయని, రెంటి మీదా ఒకే నంబర్ చెక్కి ఉంటుందని, ఒకదాని జోడు ఇంకోదానికి కలపరాదని వాళ్ళకు తెలుసు. పళ్ళకు నీలం రాసి తిప్పి, మచ్చ పన్ను మధ్యలో పడిందా అంచుకు పోయిందా చూసి, సన్నటి షిమ్ములు వేసి, తీసి, మళ్ళీ వేసి పూటంతా కూర్చుంటారు. డిఫ్ కూత వింటే లాగేటప్పటి కూతా, వదిలేసినప్పటి కూతా చెప్పేస్తారు. అలాంటి పెద్దాయన, “గీ పెట్టెకేం రోగం బిడ్డా? సింక్రో రింగులు, బేరింగులు, సీళ్ళు ఏస్తే ఇంకో ఇరవై ఏండ్లు నడుస్తది. డిఫ్‌కు దాని నూనె, గేర్ బాక్స్‌కు దాని నూనె పొయ్యి, ఒక్కటే డబ్బా రెండిట్ల గుమ్మరియ్యకు” అంటాడు.

“మరి వీడియోల ఏం చూపియ్యాలె?” అని జవాబు.

ఆయన మాట కాదని బండిని ఎక్కడికో పంపి, మూడు నెలల తర్వాత గిలగిల కొట్టుకుంటున్న దాన్ని తాడు కట్టి మళ్ళీ ఆయన షెడ్డుకే లాక్కొస్తారు. ఆయన బాగు చేస్తాడు. రీల్ కింద పేరు మాత్రం ఆ ‘ఎక్కడి’దో గ్యారేజీది పడుతుంది. ఉస్తాద్ కూలి దగ్గర బేరం.

వచ్చే ర్యాలీకి నన్నూ పిలిచారు. జెండా ఊపి, ముందు బండిలో కూర్చోవాలట. కూర్చుంటాను, ఒక్క షరతు. బండి వెనక రెండు చక్రాలూ నేల వదిలేలా జాకీలు పెట్టండి, గేరులో ఉంచండి. నేను ఎడమ చక్రాన్ని చేత్తో తిప్పుతాను. కుడి చక్రం ఉల్టా తిరిగిందా, డిఫ్ ప్రాణాలతో ఉన్నట్టు, ఎక్కుతాను. చక్రం కదలనని మొండికేసిందంటే లోపల వెల్డింగ్ ఉన్నట్టే. అప్పుడు జెండా మీరే ఊపుకోండి, నేను బస్టాండు వైపు నడుస్తాను. హైదరాబాదుకు ఆర్టీసీ బస్సులు బోలెడున్నాయి.