కండకి సెలవు, నోటికి వైద్యం

పాలకొల్లులో షుగరుకి మందు తెలియని మనిషి దొరకడం కష్టం. మందుల షాపాయన ఒకటి చెబితే, ఆ షాపు ముందు బండి ఆపినాయన రెండు చెబుతాడు. పరగడుపున కాకరకాయ రసం. అది పడకపోతే నానబెట్టిన మెంతులు. మెంతులతో విసుగెత్తితే నేరేడు గింజల పొడి. పొడి అయిపోతే పెరట్లో ఇన్సులిన్ మొక్క ఉండనే ఉంది, రెండాకులు నమిలితే చాలట. ఇవన్నీ అయ్యాక నోట్లో చేదు పోవాలి కదండీ. అందుకని దిబ్బరొట్టె ఓ ముక్క, పాకంలో ముంచుకుని. ఆయ్.

ఈ వైద్యాలన్నిటికీ దారి ఒక్కటే, నోరు. జబ్బు నోటి గుండా వచ్చింది కాబట్టి ఆ దారినే వెనక్కి పంపాలని మనవాళ్ళ పట్టుదల. మెడ కింద కాళ్ళూ తొడలూ ఉన్నాయనీ, ఈ వ్యవహారంలో వాటికీ భాగం ఉందనీ ఎవరైనా అంటే వాణ్ణి పనీపాటా లేనివాడి కింద జమకడతాం.

గురువులకీ కొదవ లేదు. మంతెన సత్యనారాయణరాజుగారు ఉప్పూ నూనే మానమన్నారు, మానేశాం. వీరమాచినేని రామకృష్ణగారొచ్చి అన్నం మానేసి రోజుకి 70 గ్రాములైనా కొవ్వు తీసుకోమన్నారు, కొబ్బరినూనె గ్లాసులో పోసుకుని తాగాం. ఖాదర్ వలీగారు కొర్రలు, అండుకొర్రలు, అరికలు, సామలు, ఊదలు అన్నారు, తెప్పించాం. నూనె మానిన ఇంట్లోనే నూనె గ్లాసు, నూనె తాగిన గ్లాసులోనే కొర్రల అంబలి. నాలుక మీద ఇన్ని ప్రభుత్వాలు మారాయిగానీ, కుర్చీలో కూర్చున్న మనిషి మాత్రం కుర్చీలోనే ఉన్నాడు.

తిండి మార్చడం దండగ అనడం లేదు. పిండిపదార్థం లోపలికి పోకపోతే రక్తంలో చక్కెర తగ్గుతుంది, బరువు తగ్గితే ఇన్సులిన్ పనితీరూ నిజంగానే మెరుగుపడుతుంది. కానీ సంక్రాంతి వస్తుందే! నరసాపురం, భీమవరం వైపు కొత్త అల్లుడి ముందు వందల రకాలు పరిచి పేపర్లో ఫొటో వేయించుకునే గడ్డ మనది. ఆ విస్తరి ముందు మామగారు ఏ గురువు మాట వింటాడు? ఓ మాత్ర ఎక్కువేసుకుని రెండు పూతరేకులు లాగించేస్తాడు.

అసలు తిన్న అన్నం గ్లూకోజుగా మారి ఎక్కడికి పోతుంది? ప్రయోగశాలలో ఇన్సులిన్ ఎక్కించి కొలిస్తే, శరీరం లోపలికి లాక్కునే గ్లూకోజులో దాదాపు 80 శాతం కండరాల్లోకే పోతుందని తేలింది. రైసు మిల్లుల ఊరు కాబట్టి ఆ భాషలోనే చెబుతాను. కండ గోదాము. గ్లూకోజు బస్తా. ఇన్సులిన్ గుమస్తా. గుమస్తా వచ్చి కేకేస్తే గ్లూట్-4 అనే తలుపు తెరుచుకుంటుంది, బస్తాలు లోపలికి పోయి గ్లైకోజెన్‌గా నిలవ ఉంటాయి. లోపలి సరుకు ఏళ్ళ తరబడి కదలక, నడవల్లో కొవ్వు డబ్బాలు కూడా పేర్చేశారనుకోండి, గుమస్తా గొంతు చించుకున్నా తలుపు తెరుచుకోదు. అప్పుడు క్లోమం ఇంకో నలుగురు గుమస్తాల్ని పంపుతుంది. కొన్నేళ్ళకి వాళ్ళూ అలిసిపోతారు. బస్తాలన్నీ రోడ్డు మీద. ఆ దృశ్యాన్నే ల్యాబువాడు ‘ఫాస్టింగ్ 180’ అని కాగితం మీద రాసిస్తాడు.

అయితే ఆ తలుపుకి లోపలి నుంచి తీసే గడియ కూడా ఒకటుంది. కండ పనిచేస్తున్నప్పుడు దాని ఇంధనం ఖర్చవుతుంది. అది కనిపెట్టి ఏ.ఎం.పి.కే అనే ఎంజైము, కండ బిగుసుకున్నప్పుడు విడుదలయ్యే కాల్షియం, మరికొన్ని కలిసి గ్లూట్-4ని పైకి తెస్తాయి. గుమస్తాతో పనే లేదు. ఇన్సులిన్ మాట సరిగ్గా వినని కండ కూడా ఈ గడియకి లొంగుతుంది. ఇంత సదుపాయం ప్రకృతి ఉచితంగా ఇచ్చింది. ఉచితం కాబట్టే మనకి దాని మీద గురి కుదరలేదనుకుంటాను.

ఆ ఇంధనం సంగతి లోకానికి చెప్పినవాళ్ళలో ఒకాయన మన పక్కూరాయనే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండలోని ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో కండకి ఇంధనమైన ఏ.టి.పి.ని బయటపెట్టారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏ.టి.పి.ని పట్టుకున్నాడు. సుబ్బారావుగారంటే మనకి ప్రాణం. జయంతికి సభ పెడతాం. రెండు గంటలు కుర్చీల్లోంచి కదలకుండా ఆయన కండల మీద చేసిన కృషిని పొగుడుతాం. ఆఖర్న ఓ స్వీటు, ఓ హాటు.

ఒళ్ళు కదపమంటే మనవాళ్ళ దగ్గర ఓ బ్రహ్మాస్త్రం ఉంది: ‘మా తాత గిన్నెడన్నం తిన్నాడు, ఏమైందండీ?’ ఏమీ కాలేదు. మీ తాత నాగలి వెనక నడిచాడు, వంగి కోత కోశాడు, కుప్ప నూర్చాడు, బస్తా మోశాడు. మీరు దుక్కికి ట్రాక్టరు పెట్టారు, కోతకి మిషను పెట్టారు, గట్టు మీదకి బండి మీద వెళ్ళి, బండి దిగకుండానే చేను చూసొచ్చారు. తాత ఆస్తిలో అన్నం గిన్నె ఒక్కటే మీ వాటాకి వచ్చినట్టుంది. పల్లెటూరి గాలికి షుగరు రాదనేవాళ్ళకి ఓ పాత లెక్క చెబుతాను. ఉభయ గోదావరి జిల్లాల్లో 20 గ్రామాల్లో 30 ఏళ్ళు దాటిన నాలుగున్నర వేలమందిని పరీక్షిస్తే నూటికి 13 మందికి షుగరు తేలింది. ఆ లెక్క 2006లోనే డయాబెటిస్ కేర్ పత్రికలో అచ్చయింది.

రొయ్యల చెరువు మీద మాత్రం మనంత శాస్త్రజ్ఞులు లేరు. మేత వేసిన కాసేపటికి చెక్ ట్రే పైకి లాగి, మిగిలిందా లేదా చూసి, మిగిలితే మర్నాడు మేత కోసేస్తాం. రొయ్యకి ఊపిరాడాలని రాత్రంతా ఏరియేటర్లు తిప్పుతాం. ఆ రైతే ఇంటికొచ్చి, కంచంలో మూడోసారి అన్నం పెట్టించుకుని, కాలు చాపి టీవీ పెట్టుకుంటాడు. మాంసకృత్తులు దండిగా ఉన్న రొయ్య అమెరికా వెళుతుంది, మనకి ఆవకాయతో మరో ముద్ద. వయసుతో కరిగిపోయే కండని నిలబెట్టుకోవాలంటే గుడ్డో, చేపో, పప్పో సరిపడా తినాలి, దానికి తోడు బరువులెత్తాలి. యాభై దాటినాయన డంబెల్ పట్టుకుంటే ‘ఈ వయసులో సినిమా ఛాన్సు కోసమా?’ అని అడుగుతాం. సినిమాలకి దాసరి నారాయణరావుగారినీ అల్లు రామలింగయ్యగారినీ ఇచ్చిన ఊరు కదా, ఆలోచన అటే పోతుంది.

నడిచేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. తెల్లారగట్ల కాన్వాసు బూట్లు, మెడలో తువాలు. ఓ పావుగంట నడక, అరగంట రాజకీయం, అక్కణ్ణించి సరాసరి టిఫిన్ హోటలు. నడకలో ఖర్చయింది నూరు కేలరీలైతే నెయ్యి దోసె దానికి వడ్డీతో సహా జమ చేస్తుంది.

ఇక్కడ నాకు నవ్వు రాని సంగతొకటుంది. అయ్యగారికి షుగరని కొర్రలు విడిగా వండి, కాకరకాయ రసం తీసి, మాత్ర చేతికిచ్చే అమ్మగారికీ చాలా ఇళ్ళలో షుగరుంది. ఆవిడ మధ్యాహ్నం మూడింటికి మిగిలిన అన్నం తింటుంది. సాయంత్రం ఆవిడ ఒక్కతే రోడ్డు మీద చేతులూపుకుంటూ నడిస్తే ఇరుగుపొరుగు ‘ఏమ్మా, ఎక్కడికి?’ అని నాలుగుసార్లు ఆపుతారు. ఇంటిపని ఉంది కదా వ్యాయామం ఎందుకంటారు. గ్రైండరూ మిక్సీ వచ్చాక ఆ పనిలో నిలబడ్డం ఎక్కువ, కండ బిగిసేది తక్కువ.

ఈమధ్య ‘షుగర్ ఫ్రీ బియ్యం’ బోర్డులు లేచాయి. తెలంగాణ సోనా అనే ఆర్.ఎన్.ఆర్. 15048 రకం గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే రక్తంలో చక్కెరని పెంచే వేగం, 51.5. మామూలు తెల్లబియ్యం కన్నా తక్కువే, మంచిదే. తక్కువంటే సున్నా కాదండి బాబూ. మన మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణని ఒక కప్పు తినే మనిషి, బోర్డు చూసిన ధైర్యంతో సోనాని రెండు కప్పులు లాగిస్తే లాభపడేది కొట్టువాడే.

మద్రాసు డాక్టరు ఎ. రామచంద్రన్ బృందం, షుగరు అంచున ఉన్న భారతీయుల మీద దాదాపు మూడేళ్ళు పరిశీలన చేసి 2006లో ఫలితం ప్రకటించింది. తిండి సర్దుకుని, నడక పెంచుకున్నవాళ్ళలో షుగరు ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్ళలో 26.4 శాతం. అంటే తిండి సర్దుకుని నడిచే నడక కూడా మాత్రకి తీసిపోని మందే. ఈ ముక్క చదివి ఉన్న మాత్రలు కాలవలో పారేయకండి, అది డాక్టరుతో తేల్చుకోవలసిన సంగతి. మీరు చేయగలిగింది అన్నం తిన్న వెంటనే మంచం ఎక్కకుండా పదిహేను నిమిషాలు వీధిలో తిరగడం, ఇంట్లో ఆవిణ్ణి కూడా వెంట తీసుకెళ్ళడం, వారానికి రెండు మూడుసార్లు ఏదైనా బరువెత్తడం. వరసగా రెండ్రోజులకి మించి మానకండి. ఒకసారి కష్టపడ్డ కండ ఇన్సులిన్ మాట వినేది ఒకటి రెండు రోజులే. పోయిన ఆదివారం నడిచిన నడక ఈ గురువారం చెల్లదు.