పట్టుఁ గట్టిన చెట్టు: సటీకాతాత్పర్యము

మూలము: పట్టుఁ గట్టిన చెట్టును ముట్టఁ దగదు.

టీక: పట్టున్ = సన్నని దారపుఁ బొరను; కట్టిన = ధరించిన; చెట్టును = వృక్షమును; ముట్టన్ = తాఁకుటకు, లక్షణచే మందు చల్లుటకు; తగదు = యుక్తము కాదు.

తాత్పర్యము: వేసవి ముగిసి శరత్తు ప్రవేశించు తఱి, ఫ్లోరిడా మొదలు టెక్సస్ వఱకుఁ గల మెక్సికో అఖాతతీరమున, ఇంటిముంగిటి లైవ్ ఓక్ వృక్షము మొదలినుండి కొమ్మల దాఁక తెల్లని పలుచని పొరచేఁ గప్పఁబడి కనఁబడఁగా, చెట్టు చచ్చునని బెదరి పిచికారీకై పరుగిడు గృహస్థుని నుద్దేశించి యీ సూత్రము పుట్టినది.

విశేషములు: ‘కట్టిన’ యన్నచోఁ గర్త చెప్పఁబడలేదు. చెట్టు తనకుఁ దానే పట్టు నేసికొనదు గనుక, ఆర్కిప్సోకస్ అను బెరడుపేల ప్రజాతిని అధ్యాహారము చేసికొనవలెను. ఆ తీరమునఁ బేరుపడిన జాతి ఆర్కిప్సోకస్ నోమాస్. దానిని 1939లో గర్నీ వర్ణించెను. ప్రజాతికిఁ బేరిడినవాఁడు హేగెన్, 1882లో. అదియు బాల్టిక్ తీరపు అంబరులోఁ జిక్కిన ప్రాచీన కీటకమును జూచి. ఉష్ణదేశపు వంశమునకు చలిదేశమున నామకరణము జరుగుట వింతయే కాని, ‘ఆదిమమైన నూఱుడుపురుగు’ అను గ్రీకు వ్యుత్పత్తి మాత్రము చక్కఁగా నతికినది. ఏలయన నువ్వుగింజకు మించని యీ ప్రాణి బెరడుపైని బూజును, నాచును, లైకెన్లను గీఁకి నమలునే గాని ఆకు జోలికిఁ బోదు.

‘పట్టు’ శబ్దముచే సాలెగూడు స్ఫురించునని కొందఱందురు. అది యసంగతము. సాలెపురుగు కడుపు చివరనుండి దారము తీయును. ఇది పట్టుపురుగువలె నోటినుండి. దానిది వల, దీనిది పందిరి. ఆ పందిరి క్రింద తల్లులును బిల్లలును వేలకొలఁదిగా గుమిగూడి మేయుచుందురు. మగవానికి ఱెక్కలు పొట్టివి, ఎగురఁజాలఁడు. ఆఁడువారిలో నిడుద ఱెక్కలు గలవారే యెగిరిపోయి క్రొత్త చెట్టునఁ గాపురము పెట్టుదురు. పుట్టినింటిని విడుచునది యిందును స్త్రీయే.

‘పేను’ అనుటచే రక్తపానదోషము రాదా? రాదు. అయినను తలపేను ఈ గణమునుండియే చీలి వచ్చినదని నేఁటి శాస్త్రజ్ఞుల నిర్ణయము గనుక, జ్ఞాతుల యపకీర్తి కొంత తప్పదు.

ఇఁక, పట్టుఁ గట్టినవారు మడిలో నున్నవారు గావున ముట్టఁ దగదని యొక వ్యాఖ్య గలదు. అది మూలకర్త యభిమతము గాదు. చెట్టునకు హానియే లేనప్పుడు మందు వ్యర్థమనియే యాతని భావము. ఐనను ఫలము రెంటను సమానమే. పైగా గాలియు వానయుఁ గొన్నాళ్ళకు ఆ పట్టును దామే విప్పి పాఱవేయును గనుక, మడి యెప్పుడు విడుచునను శంకకుఁ గూడ సమాధానము దొరకుచున్నది.