ప్రార్థిద్దాం, ఏమీ అడగకుండా

సంఘం కోసం ప్రార్థించేవాళ్ళలో ఈమధ్య ఒక దురలవాటు బయల్దేరింది. "దేనికోసం ప్రార్థించాలో వివరంగా చెప్పండి" అంటున్నారు. మనవులు చీటీల మీద రాయించి, పోయిన నెల అడిగినవి ఏమయ్యాయని ఆరా తీస్తున్నారు. ఇది ఇలాగే సాగితే శుక్రవారం ఉపవాస కూడికకీ సంఘ పెద్దల మీటింగుకీ తేడా ఉండదు. ఎవరికీ ఏ ఇబ్బందీ కలగకుండా ఏళ్ళ తరబడి ప్రార్థిస్తూ వచ్చిన నాబోటివాళ్ళ పద్ధతి మూలపడిపోకూడదని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు విస్తీర్ణం సంగతి. ప్రార్థన ఎప్పుడూ లోకంతోనే ఎత్తుకోవాలి. ప్రపంచ దేశాలు, వాటి నాయకులు, యుద్ధాలు, భూకంపాలు. ఆ తర్వాత భారతదేశం, ప్రధానమంత్రి, ముఖ్యమంత్రులిద్దరూ (రాష్ట్రం రెండయ్యాక ఇక్కడ మనకు ఒక నిమిషం కలిసొచ్చింది). ఆపైన కలెక్టరు, ఎస్పీ. ఈ వరసలో దిగివస్తే మన ఊరి పొలిమేర తగిలేసరికి పక్క చాప మీద ఎవరో దగ్గుతారు, ఎవరి పిల్లవాడో ఏడుస్తాడు, ఆమెన్ చెప్పే వేళవుతుంది. పాస్టరు గారి ఇంటి అద్దె మూడు నెలలుగా బాకీ ఉందన్న సంగతి ఈ దారిలో ఎక్కడా అడ్డం రాదు. వస్తే ఏమవుతుందో ఊహించండి. "ప్రభువా, అయ్యగారి అద్దె బాకీ తీరేటట్టు చెయ్యి" అని ఎవరో పైకి అనేశారనుకోండి. ఆమెన్ అన్న ప్రతి నోటి కిందా ఒక జేబు ఉంటుంది.

తర్వాత, ఏం అడిగినా తేలకుండా అడగాలి. సంఘాన్ని బలపరచుము, పరిచర్యను ఆశీర్వదించుము, సేవకులను వాడుకొనుము. జరిగిందో లేదో ఎవరూ పట్టుకోలేరు. అందుకే బర్తిమయి కథ నాకు ఎప్పుడూ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. యెరికో దారిలో కూర్చున్న గుడ్డివాడు కరుణించమని కేకలేస్తుంటే, యేసు ప్రభువు అతన్ని దగ్గరికి పిలిపించి ఏం కావాలో చెప్పమన్నాడు. గుడ్డివాడికి ఏం కావాలో చూసేవాడికి తెలియదా? అయినా అతని నోటితోనే చెప్పించాడు. అర్ధరాత్రి తలుపు తట్టిన స్నేహితుడి ఉపమానంలోనూ అంతే. ఆ మనిషి ఏదో ఒకటి పెట్టమనడు, మూడు రొట్టెలు అని లెక్కతో సహా అడుగుతాడు. ఇలాంటి వాక్యభాగాలు ఉజ్జీవ కూడికల్లో బిగ్గరగా చదువుకోవడానికి బాగుంటాయి. శుక్రవారం కూడికలోకి మాత్రం రానివ్వకండి.

అయ్యగారికి ఏం అవసరమో అయ్యగారిని అడగడం పెద్ద పొరపాటు. ఆయన చెప్పేస్తారు. మోటారు సైకిలు రిపేరుకొచ్చిందనో, పెద్దమ్మాయి ఇంటర్ ఫీజనో, మూడు పల్లెల్లో ఆరాధనలు చేసి వచ్చేసరికి గొంతు పోతోందనో బయటపెడతారు. పొరపాటున మీ చెవిన పడితే "అలాగేనండి అయ్యగారూ, ప్రార్థనలో పెడతాం" అని వందనాలు చెప్పి కదలండి. ప్రార్థనలో పెట్టడమంటే బీరువాలో పెట్టడమే, తాళం మన దగ్గరే ఉంటుంది. ఇక అమ్మగారు సండేస్కూలు నడిపి, స్త్రీల కూడిక నడిపి, వచ్చిన ప్రతి ప్రసంగీకుడికీ వండి వడ్డిస్తారు. ఆవిడ కోసం "అయ్యగారికి చేదోడువాదోడుగా ఉండే కృప" అడిగితే చాలు. ఆవిడకి ఏం కావాలని ఇంతవరకూ ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఈ ఒప్పందం రెండువైపులా సజావుగానే నడుస్తోంది.

పౌలుకి ఈ మర్యాదలు తెలియవు. రోమా సంఘం ఆయన స్థాపించింది కాదు, అప్పటికి ఆ ఊరు చూడను కూడా లేదు. అయినా ఉత్తరం చివర్లో నాకోసం ప్రార్థించండంటూ చిట్టా విప్పాడు. యూదయలో తనకు ఎదురు తిరిగేవాళ్ళ చేతిలో పడకూడదు, యెరూషలేము పరిశుద్ధుల కోసం తీసుకెళ్తున్న సహాయాన్ని వాళ్ళు కాదనకుండా పుచ్చుకోవాలి, ఆ తర్వాత సంతోషంగా రోమాకి వచ్చి అలసట తీర్చుకోవాలి. సొంత సంఘాలవాళ్ళు ఇచ్చిన కానుకని యెరూషలేమువాళ్ళు తీసుకుంటారో లేదోనన్న బెంగ కూడా దాచుకోలేదు. ఇంత ఇంటిగుట్టు ముఖం తెలియనివాళ్ళకి రాస్తారా? కొలొస్సయి వాళ్ళకి రాసినప్పుడైతే తాను సంకెళ్ళలో ఉండి, తలుపు తెరిపించమని ప్రార్థించమన్నాడు. చెరసాల తలుపేమో అనుకుంటాం. కాదు, వాక్యం చెప్పడానికి తలుపట.

అలాగని వివరాలు అసలే వద్దని నేను అనడం లేదు. పక్కవాళ్ళ విషయంలో ఎన్ని వివరాలైనా ఉండొచ్చు. పేరు మాత్రం ఎత్తకూడదు, అది ప్రేమ లక్షణం కాదు. "ప్రభువా, మా మధ్యలో ఒక కుటుంబం ఉన్నది, బోరింగు పక్క సందులో పసుపు గేటు ఇల్లు, వారి పెద్ద కుమారుడు హైదరాబాదులో ఎవరితో తిరుగుచున్నాడో నీకు తెలియును" అంటే సరిపోతుంది. దేవునికి తెలుసు కాబట్టి కొత్తగా చెప్పినట్టు కాదు. వినేవాళ్ళకి తెలియదు కాబట్టి వృథా కూడా కాదు. కూడిక అయ్యాక వాట్సాప్ గ్రూపులో "అత్యవసర ప్రార్థన మనవి" అని పెట్టి రెండు చేతులు జోడించిన బొమ్మ తగిలిస్తే, రాత్రికి ఊరంతా ఆ కుటుంబం కోసం భారం కలిగి ఉంటుంది.

నోటు పుస్తకం దగ్గరికి రానివ్వకండి. బ్రిస్టల్‌లో అనాథ శరణాలయాలు నడిపిన జార్జ్ ముల్లర్ ఈ రోగానికి మూలపురుషుడు. అవసరాలు మనుషుల దగ్గర చెప్పుకోకుండా దేవుణ్ణే అడిగేవాడని ఆయన్ని మనం మెచ్చుకుంటాం, అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆయన ఏ రోజు ఏది అడిగాడో, ఎప్పుడు ఏది అందిందో రాసుకున్నాడు. ఏటేటా లెక్కలు అచ్చువేయించాడు. యాష్లీ డౌన్ మీద 1849లో మొదటి భవనం, 1870కల్లా ఐదు. మనకి ఐదు భవనాల మీదే కన్నుంటుంది, పుస్తకం మీద ఉండదు. అదే మంచిది. రాసుకున్నవాడికి జవాబు రాని మనవులు కూడా కనబడతాయి. ఎందుకు రాలేదా అని ఆలోచిస్తాడు. ఆలోచించేవాడు కమిటీలో ఇమడడు.

మందిరం స్లాబు కారుతోందనుకోండి. మామూలు పద్ధతి "నీ మందిరమును మహిమతో నింపుము" అనడం. వానాకాలంలో నిండడం వరకూ నిండుతూనే ఉంటుంది. నెహెమ్యా దారి పట్టారో, చెడ్డారు. యెరూషలేము గోడ కూలిందని విని ఆయన ఏడ్చాడు, ఉపవాసం ఉన్నాడు. కిస్లేవు నెల నుంచి నీసాను నెల దాకా, అంటే సుమారు నాలుగు నెలల సంగతి. అక్కడితో ఆగితే మనవాడే. కానీ రాజు ఏం కావాలని అడిగిన క్షణాన, మనసులోనే ఒకసారి ప్రార్థించుకుని, నన్ను పంపు అన్నాడు. ఎన్నాళ్ళకి తిరిగి వస్తావంటే గడువు చెప్పాడు. నది అవతలి అధికారులకి ఉత్తరాలు కావాలన్నాడు. రాజు అడవి చూసే ఆసాపు నుంచి కోట తలుపులకీ గోడకీ తానుండబోయే ఇంటికీ దూలాలు ఇప్పించమన్నాడు. ఆసాపు పేరు కూడా కనుక్కుని పెట్టుకున్నాడు! మోకాళ్ళ మీద ఉన్నన్నాళ్ళూ ఈయన లోలోపల ఎస్టిమేటు వేసుకున్నాడన్నమాట. మన కూడికలో మేస్త్రీని పిలిచి స్లాబు చూపించాక మోకరించిన వాళ్ళెవరైనా ఉన్నారా? ఆ ఆచారం మనది కాదు.

ఎవరైనా కుర్రవాడు తెగించి వివరంగా అడిగేస్తే, వెంటనే "నీ చిత్తమైతే" అని అందుకోండి. యేసు ప్రభువు గెత్సేమనే తోటలో ముందు తనకేం కావాలో దాపరికం లేకుండా చెప్పి, ఆ తర్వాతే తండ్రి చిత్తానికి అప్పగించారు కదా అని ఆ కుర్రవాడు వాదించవచ్చు. వచ్చే వారం వాడికి మైకు ఇవ్వకండి.

ఇక సువార్త పని. ఇక్కడ మన ప్రాంతంలోనే ఒక హెచ్చరిక ఉంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. అమెరికా బాప్టిస్టులు 1836 నుంచి తెలుగువాళ్ళ మధ్య పని చేస్తున్నా చెప్పుకోదగ్గ ఫలితం లేక, మిషను మూసేద్దామా అని 1853లో మల్లగుల్లాలు పడ్డారు. ఆ మరుసటి ఏడు, 1854 జనవరి 1 తెల్లవారుజామున, లైమన్ జ్యూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండ ఎక్కారు. తెలివైనవాళ్ళయితే తెలుగు దేశాన్ని జ్ఞాపకం చేసుకోమని ప్రార్థించి దిగివచ్చి కాఫీ తాగేవారు. వీళ్ళు ఒంగోలుకి ఒక మిషనరీ కావాలని అడిగారు. ఊరి పేరు పెట్టి మరీ అడిగారు. అదిగో ఆ మెరక మీద మిషను బంగళా ఉంటే బాగుంటుందని జ్యూయెట్ చూపించాడని కూడా చెబుతారు.

అనుభవించింది వెనక వచ్చినవాళ్ళు. 1866లో క్లౌ దొర ఆ మిషనరీగా ఒంగోలులో దిగాడు. ఊళ్ళో పెద్ద కులాలవాళ్ళు ఆయన్ని బాగానే ఆదరించారు, బడి పెట్టమన్నారు, అంతా మర్యాదగా నడుస్తోంది. ఇంతలో ఎర్రగుంట్ల పేరయ్య అనే విశ్వాసి వెనకాల మాదిగ పల్లెలు కదిలాయి. వాళ్ళని చేర్చుకుంటే మేం రామని పెద్దలు చెప్పేశారు. క్లౌ దంపతులు వాళ్ళనే చేర్చుకున్నారు. తర్వాత 1876-78 కరువు. అమెరికాలో సర్వే పని చేసిన మనిషి కాబట్టి, బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు పట్టి ఆకలితో ఉన్న వేలమందికి కూలి చూపించాడు. అన్నం కోసం చేరారన్న మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. చివరికి 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్ళలో నిలబడ్డారు. అన్ని పేర్లు రిజిస్టరులో ఎక్కించినవాళ్ళని తలుచుకుంటేనే నాకు వేళ్ళు లాగుతాయి. ఒక ఊరి పేరు నోరుజారినందుకు ఎంత చాకిరీ!

కాబట్టి మిషను పనికి "చీకటి ప్రాంతములు" అన్న మాట వాడండి. ఏజెన్సీలో మాట్లాడేది కోయా, కువీనా, సవరా అని తెలుసుకోవద్దు. మన ఊరి బయట ఇటుక బట్టీలో ఒడియా మాట్లాడే కుటుంబాలు పని చేస్తుంటాయి. అవి ప్రార్థనలోకి రాకూడదు, మరీ దగ్గర. కోత విస్తారం, పనివాళ్ళు తక్కువ, పనివాళ్ళని పంపమని యజమానిని వేడుకోండని ప్రభువు శిష్యులకి చెప్పడం మత్తయి సువార్త తొమ్మిదో అధ్యాయం చివర ఉంది. పదో అధ్యాయం మొదట్లోనే ఆ శిష్యుల్నే పంపించేశాడు. తొమ్మిది చదివి పుస్తకం మూసెయ్యడం అలవాటు చేసుకోండి. హెర్న్‌హూట్ మొరేవియన్లు 1727లో ఇరవైనాలుగు గంటలూ వంతులవారీగా ప్రార్థన మొదలుపెట్టారు. ఐదేళ్ళు తిరిగేసరికి వాళ్ళలో ఇద్దరు కరేబియన్ దీవుల్లో బానిసల దగ్గరికి ప్రయాణమయ్యారు. అంతసేపు ప్రార్థిస్తే అలాగే అవుతుంది. మన గంటంపావు సురక్షితం.

ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి జవాబు వచ్చేస్తుంది. యవనస్థుల్ని పంపమని ఏళ్ళుగా అడుగుతున్నాం, అలవాటుకొద్దీ. ఒక ఆదివారం నిజంగానే పదిహేనుమంది వచ్చి వెనక చాపల మీద కూర్చున్నారనుకోండి. బాగా పాడతారు, ఒకడికి తబలా వచ్చు, ఇద్దరు అమ్మాయిలు సండేస్కూలుకి సాయపడతామన్నారు. వాకబు చేస్తే అవతలి పేటవాళ్ళు. కంగారు పడకండి. నవ్వుతూ వందనాలు చెప్పండి, ముందు వరసలోకి పిలవకండి, ప్రేమవిందు కొన్నాళ్ళు వాయిదా వెయ్యండి. వచ్చే శుక్రవారం మాత్రం వాళ్ళకోసం వాళ్ళ పేటలోనే ఒక మందిరం ఇమ్మని భారంతో ప్రార్థించండి. ఇంతవరకూ నేను చెప్పినదంతా ఈ ఒక్క మనవికి వర్తించదు. సర్వే నంబరు, ఎన్ని గజాలు, రేకులా స్లాబా, ఎవరెవరు ఎంత వేస్తున్నారు, ఏ నెలలోగా పూర్తి కావాలి, అన్నీ వివరంగా చెప్పండి. మేస్త్రీని కూడా కూడికకి పిలిపించండి.