సీరియల్ పోర్టు ఏకపంక్తి కావ్యం: టీకా తాత్పర్య సహితం

మూలం: ఎస్‌టీటీవై –ఎఫ్ /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 9600 రా –ఎకో –హెచ్‌యూపీసీఎల్

అవతారిక: ఒకానొక విద్యార్థి ఆర్డుయినో ఊనో నకలు బోర్డును లినక్స్ కంప్యూటర్‌కు తగిలించి, అది పంపే ఉష్ణోగ్రత అంకెలు చదవబోయాడు. తెర మీద చెత్త అక్షరాలు కురిశాయి. అప్పుడు సీనియర్లు ఉపదేశించే పంక్తి ఇది. మూలంలో లేనిది రాయనని వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ పూనాడు. ఆ ప్రతిజ్ఞ ఇక్కడ చెల్లదు. ఈ పంక్తి పైకి చెప్పేదానికన్నా కెర్నెల్ తనలో తాను అనుకునేదే ఎక్కువ.

ప్రతిపదార్థం: ఎస్‌టీటీవై = టెర్మినల్ అమరికలు మార్చే ఆదేశమా; –ఎఫ్ = ఇదిగో ఈ పరికరం మీద; /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 = యూఎస్‌బీ సీరియల్ డ్రైవర్ పుట్టించిన తొలి పోర్టు అను దానిని; 9600 = సెకనుకు అన్ని బిట్ల వేగమున; రా = (రమ్మని కాదు) వచ్చింది వచ్చినట్టుగా; –ఎకో = మారుపలకక; –హెచ్‌యూపీసీఎల్ = పోర్టు మూసినా లైను దించక; ఉంచుము అని అధ్యాహారం.

విశేషం: టీటీవై అంటే టెలిటైప్. 1963 నాటి టెలిటైప్ మోడల్ 33 సెకనుకు 10 అక్షరాలు కొట్టేది. యూనిక్స్ పుట్టిన రోజుల్లో తీగ అవతలి కొసన అలాంటి యంత్రం, దాని ముందు ఒక మనిషి ఉండేవారు. లినక్స్ ఆ మర్యాద నేటికీ వదల్లేదు. అవతల ఉన్నది సెన్సరే అయినా, ఎవరో పెద్దమనిషి కూర్చుని టైపు చేస్తున్నాడనే దాని నమ్మకం. అందుకే పంక్తి ముగిసేదాకా ఒక్క అక్షరమూ ప్రోగ్రాముకు అందనివ్వదు. 13 అనే బైటు వస్తే అచ్చుతప్పు దిద్దినట్టు 10గా మారుస్తుంది. 19 వస్తే ‘ఆగు’ అన్నారనుకుని పంపడమే మానేస్తుంది. బైనరీ సమాచారానికి ఇంతకన్నా పాడుకాలం ఏముంటుంది? ‘రా’ అనే ఒక్క పదం ఈ దిద్దుబాట్లన్నిటినీ మాన్పిస్తుంది.

పూర్వపక్షం: అలాగైతే –ఎకో దేనికి? పునరుక్తి దోషం కాదా?

సమాధానం: కాదు. గ్నూ వారి ఎస్‌టీటీవైలో ‘రా’ మారుపలికే గుణం జోలికి పోదు. దాన్ని అలాగే వదిలేస్తే, బోర్డు 28 అని పంపగానే కెర్నెల్ అదే 28ని బోర్డుకు తిరిగి అప్పజెబుతుంది. బోర్డు దాన్ని ఆజ్ఞ అనుకుని ‘అర్థం కాలేదు’ అని బదులిస్తే, ఆ మాటా వెనక్కి పోతుంది. ఇక ఆ ఇద్దరి సంభాషణకు మూడో మనిషి అక్కర్లేదు.

9600 గురించి: ఒక్కో అక్షరానికి 8 బిట్లు, ముందు స్టార్ట్ బిట్ ఒకటి, వెనుక స్టాప్ బిట్ ఒకటి, వెరసి 10. కనుక సెకనుకు 960 అక్షరాలు. పాత పీసీల్లో 1.8432 మెగాహెర్ట్జ్ గడియారాన్ని చిప్ 16తో భాగిస్తే 1,15,200 వచ్చేది. డ్రైవర్ 12 అనే భాజకాన్ని రిజిస్టర్‌లో రాస్తే 9600 అయ్యేది. బోర్డు ఒక వేగంతో, పోర్టు మరో వేగంతో ఉంటే విద్యార్థి చూసిన చెత్తే దక్కుతుంది.

–హెచ్‌యూపీసీఎల్ మోడెమ్‌ల కాలపు మాట. పోర్టు మూసినప్పుడు డీటీఆర్ లైను దించితే మోడెమ్ ఫోను పెట్టేసేది. ఆర్డుయినోలో అదే లైను రీసెట్‌కు కలిపారు కాబట్టి, దించిన లైను పోర్టు తెరిచినప్పుడల్లా మళ్లీ లేచి, బోర్డు మొదటికొస్తుంది. ఈ పదం ఆ జబ్బుకు మందు. అయితే ఈ ఆదేశం కూడా పోర్టు తెరిచే పని చేస్తుంది గనుక తొలి రీసెట్ తప్పదు.

పాఠాంతరం: అసలు ఊనో బోర్డుకు టీటీవైఏసీఎం0 అని ఉండాలి. సీహెచ్340 చిప్ ఉన్న నకళ్లకే టీటీవైయూఎస్‌బీ0. ఉబుంటు 22.04లో ఆ పేరు కనబడి అంతలోనే మాయమయ్యేది. అంధుల బ్రెయిలీ పరికరాలను నడిపే బీఆర్ఎల్‌టీటీవై, ఆ పరికరాల్లో కొన్నిటికున్న యూఎస్‌బీ గుర్తింపు సంఖ్యే ఈ చిప్‌కూ ఉండటం చూసి బోర్డును తనదనుకునేది. బ్రెయిలీ పరికరం వాడనివారు ఆ ప్యాకేజీ తీసేస్తే చిక్కు వీడుతుంది.

అధికారి నిర్ణయం: డెబియన్, ఉబుంటుల్లో డయల్‌అవుట్ గ్రూపులో పేరున్నవారే ఈ కావ్యపఠనానికి అర్హులు. ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తే మూలంలో దోషాలు వెతక్కండి. గ్రూపులో పేరు చేర్చి, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవండి.