జలహారతి గుండీ లేని మిషను

పుంగనూరులో నీళ్ల విషయంలో ఇల్లాలి చేతిలో ఏమీ లేదు. బోరు వెయ్యి అడుగులు దించినా పడేదీ పడనిదీ భూమి చెప్పాలి. కొళాయి ఎప్పుడొస్తుందో మున్సిపాలిటీ వాల్వు తిప్పేవాడు చెప్పాలి. ట్యాంకరు రేటు ట్యాంకరాయన చెప్పాలి. హంద్రీ-నీవా బ్రాంచి కాలువలోకి ఎంత వదలాలో అమరావతి చెప్పాలి. ఇందరి మాట విని విని విసిగిన ఆయమ్మకు బెంగళూరులో ఉండే కొడుకు ఫ్రంట్ లోడ్ వాషింగ్ మిషను కొనిపెట్టాడు. పోనీలే, దీంట్లో అయినా నీళ్లు నా ఇష్టం అనుకుందామె. గుండీలన్నీ వెతికింది. పట్టుకొకటి, ఉన్నికొకటి, చంటిపిల్లల గుడ్డలకొకటి, ఇప్పుడు గుడ్డలేసి పెడితే రాత్రికెప్పుడో తిరగడం మొదలుపెట్టేదానికి ఇంకొకటి. నీళ్లు పెంచే గుండీ మాత్రం లేదు.

వెంటనే ఫోను.

"ఏంది నాయనా ఇది? చెంబుడు నీళ్లు తాగేసి పొద్దస్తమానం తిరగతా ఉండాది!"

"అది అంతేమా, తక్కువ నీళ్లతోనే ఉతుకుతాది."

"నీళ్లు లేకుండా ఉతికేదేందిరా, అది ఇస్త్రీ కదా!"

ఈ మాటకు బెంగళూరు దగ్గర జవాబు లేదు. ట్యాంకరు కోసం వీధిలో బిందెలు వరస పెట్టిన ఊళ్లోనే, నీళ్లు మిగిల్చే యంత్రం మీద ఇంత కోపం రావడం చూస్తే ముచ్చటేస్తుంది. కరువుసీమ వాళ్లం కదా, నీళ్లు పొర్లితేనే మనకు పని జరిగినట్టు. టాప్ లోడ్ మిషను వాయికి 100 లీటర్లు దాటినా ఎవరూ నొచ్చుకోరు, మూత ఎత్తితే నిండుగా కనబడుతుంది కాబట్టి. ఫ్రంట్ లోడ్ 50, 60 లీటర్లతో ముగిస్తే పిసినారి అని పేరు.

దాని లెక్క దానిది. పడుకున్న డ్రమ్ము గుడ్డల్ని పైకి లేపి కింద పడేస్తుంది. ఆ దెబ్బే ఉతుకు. నీళ్లు నిండితే గుడ్డలు తేలిపోతాయి, దెబ్బ తగలదు, మురికి హాయిగా ఈత కొడుతుంది. నిజానికి ఈ సంగతి వేరే ఊరివాళ్లకు విడమర్చాలి గానీ పుంగనూరు వాళ్లకెందుకు? మూడడుగులు దాటని మన పుంగనూరు ఆవు, పిడికెడు మేత మేసి 8 శాతం వెన్న ఉండే పాలిస్తుందని లోకమంతా చెప్పుకుంటాం. 2024 సంక్రాంతికి ప్రధాని మోదీ ఢిల్లీలో తన ఇంటి దగ్గర ఆ ఆవులకు మేత పెడితే ఊరు ఊరంతా ఆ ఫొటో చూసి మురిసింది. అదే గుణం మిషనులో కనబడేసరికి వారంటీ కార్డు వెతుక్కుంటున్నాం.

గుండీ లేకపోతే ఏం, మనకు ఉపాయాలు లేవా? సబ్బుపొడి వేసే అరలోంచి బకెట్టుతో నీళ్లు పోయడం అన్నిట్లోకీ ప్రసిద్ధం. కానీ లోపల ప్రెషర్ స్విచ్ అని ఒకటుంది. తొట్టి అడుగున చిన్న గాలి అర, అక్కణ్ణుంచి స్విచ్ దాకా సన్నటి రబ్బరు గొట్టం. నీళ్లు పెరిగేకొద్దీ అందులో గాలి నొక్కుకుంటుంది. ఆ ఒత్తిడిని బట్టి కొళాయి తెరవాలా మూయాలా అన్నది తేలుతుంది. అందుకని మనం బకెట్టు పోస్తే అది బకెట్టు తక్కువ తీసుకుంటుంది. ఒక పథకం కింద ఇచ్చి ఇంకో పద్దు కింద పట్టుకునే ప్రభుత్వాల కొలువులో పనిచేసొచ్చిందేమో తెలియదు. మరీ మితిమీరి పోస్తే పంపు వేసుకుని మోరీలోకి తోడేస్తుంది.

తర్వాతి ఉపాయం మెకానిక్కు. పాత మిషన్లలో ఆ స్విచ్ మీద, రంగుతో సీలు వేసిన చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పితే మట్టం పెరుగుతుంది. కాకపోతే పెరిగిన నీళ్లు కాగడానికి కరెంటు పెరుగుతుంది, ఉతుకు తగ్గుతుంది, అరకొరగా తిప్పితే మిషను నిండిందో లేదో తేల్చుకోలేక దిక్కులు చూస్తుంది. కొత్త మిషన్లలో ఆ లెక్క ఎలక్ట్రానిక్ బోర్డుకు పోయింది, స్క్రూడ్రైవరుకు పని లేదు. నిజంగా గుడ్డల్లో పొడి మిగిలిపోతుంటే, మన బోరునీళ్లకు నురగ రాదని గుప్పెళ్లకు గుప్పెళ్లు పోసే అలవాటు తగ్గించి, ఇంకోసారి జాడించే గుండీ నొక్కితే చాలు. నీళ్లే సరిగ్గా రాకపోతే గొట్టం మొదట్లో జల్లెడకు పట్టిన ఇసుక దులపాలి. మిద్దె మీద ట్యాంకు ఎత్తు కూడా చూడాలి. ఈ మిషన్లలో కొన్ని 0.3 బార్ ఒత్తిడి అడుగుతాయి, అంటే ట్యాంకు కనీసం 3 మీటర్లు పైన ఉండాలి. ఇవన్నీ చవకబారు వైద్యాలు కాబట్టి ఎవరికీ నచ్చవు.

నీటిమట్టం అంటే ఎలా ఉండాలో కుప్పాన్ని చూసి నేర్చుకోవాలి. శ్రీశైలం నీళ్లను మల్యాల దగ్గర ఎత్తి, హంద్రీ-నీవా కాలువల్లో వందల కిలోమీటర్లు నడిపిస్తే అక్కడికి చేరతాయి. 2024 ఫిబ్రవరి 26న ముఖ్యమంత్రిగా జగన్మోహన్ రెడ్డి కుప్పానికి కృష్ణా నీళ్లు వదిలారు. 2025 ఆగస్టు 30న ముఖ్యమంత్రిగా చంద్రబాబు నాయుడు పరమసముద్రంలో కృష్ణమ్మకు జలహారతి ఇచ్చారు. ఒకే కృష్ణమ్మ ఒకే నియోజకవర్గానికి రెండుసార్లు మొట్టమొదటిసారి వచ్చింది. ఈ సౌకర్యం ఏ వాషింగ్ మిషనులోనూ లేదు. పాపం ప్రెషర్ స్విచ్, దానికి పార్టీ లేదు, ఫ్లెక్సీ లేదు. గొట్టంలో గాలి ఎంత నొక్కుకుందో అంతే చెబుతుంది.

కంపెనీలకు ఈ ప్రాంతంలో వ్యాపారం సాగాలంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పాలకు వేరే మోడలు తేవాలి. తలుపు రెండు అద్దాలతో ఉండాలి, మధ్యలో ఓ రెండు లీటర్ల నీళ్లు ఎప్పుడూ గలగలలాడుతూ కనబడాలి. 'జాస్తి నీళ్లు' అని పెద్ద అక్షరాలతో పచ్చ గుండీ ఒకటి, పక్కనే నీలం గుండీ ఒకటి పెట్టాలి. ఏది నొక్కినా శబ్దం పెరగాలి, నురగ బొమ్మ వెలగాలి, లోపలి మట్టం మాత్రం వెంట్రుకవాసి కదలకూడదు. ప్రారంభోత్సవానికి ఎవరిని పిలవాలన్న గొడవే వద్దు, రెండుసార్లు పెట్టుకోవచ్చు.